ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎంపిక కమిటీలకు బహిరంగ లేఖ: ముందు మీ ఫైళ్ళను లెక్కపెట్టండి

కమిటీ సభ్యులకు నమస్కారం.

ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు మారాలా, డబ్బు కట్టి వాడే ప్యాకేజీలోనే కొనసాగాలా అన్నది తేల్చే పని మీకు అప్పగించారు. ఈపాటికి మీ ముందుకు ఒక పట్టిక వచ్చే ఉంటుంది. ఎడమవైపు సదుపాయాల పేర్లు, కుడివైపు వరసగా టిక్కులు. ఆ పట్టికను కాసేపు పక్కన పెట్టమని అడగడానికే ఈ లేఖ. పివట్ టేబుల్ రెండింటిలోనూ ఉంది, మెయిల్ మర్జ్ ఉంది, పీడీఎఫ్ ఉంది. చిక్కంతా రెండువైపులా టిక్కు పడిన గళ్ళలోనే దాక్కుంటుంది. "మాక్రోలు" (ఫైలులోనే ఉండి పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) అన్న వరసలో ఇద్దరికీ టిక్కు ఉంటుంది. ఒకరి మాక్రో ఇంకొకరి దగ్గర నడుస్తుందో లేదో ఆ పట్టిక చెప్పదు.

ముందుగా ఉచితం అన్న మాట సంగతి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒకే మాటకు రెండు అర్థాలుండి గందరగోళపడతారు గానీ, మనకు ఆ బాధ లేదు: ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు ప్యాకేజీ రెండూ ఇస్తుంది. దాని సోర్స్ కోడ్ మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ 2.0 కింద అందరికీ అందుబాటులో ఉంది. ఓన్లీఆఫీస్ కోడ్ కూడా ఏజీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద దొరుకుతుంది. డబ్ల్యూపీఎస్ ఆఫీస్ ఉచిత కూర్పు, సాఫ్ట్‌మేకర్ వారి ఫ్రీఆఫీస్ డబ్బు అడగవు, అంతవరకే. లోపలి కోడ్ కంపెనీ చేతిలో ఉంటుంది, షరతులు రేపు మారితే మీరు చేయగలిగింది లేదు. గూగుల్ డాక్స్, మైక్రోసాఫ్ట్ వారి ఉచిత వెబ్ కూర్పు ఇంకో రకం: ఖాతా ఉండాలి, ఫైలు వాళ్ళ సర్వర్‌లో ఉంటుంది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "ఉచిత ప్రత్యామ్నాయాలు" అని తీర్మానంలో రాయకండి. ఏ ప్యాకేజీ, ఏ లైసెన్స్, ఏ కూర్పు అన్నది పేరు పెట్టి రాయండి.

పేరు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. చాలామంది ఇప్పటికీ ఓపెన్ఆఫీస్ అనే అడుగుతారు. స్టార్‌ఆఫీస్‌ను 1999లో కొన్న సన్ మైక్రోసిస్టమ్స్, 2000లో దాని కోడ్‌ను బయటపెట్టడంతో ఓపెన్ఆఫీస్ పుట్టింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్ళింది. అదే ఏడాది సెప్టెంబరులో పని చేసేవాళ్ళలో ఎక్కువమంది బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టి, లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. పాత పేరు 2011లో అపాచీ ఫౌండేషన్‌కు చేరింది. అపాచీ ఓపెన్ఆఫీస్ 4.1 శ్రేణి 2014లో వచ్చింది. ఆ తర్వాత వచ్చినవన్నీ చిన్నచిన్న సవరణలే. వర్డ్ ఫైలు రూపమైన డాక్ఎక్స్‌ను తెరుస్తుంది, అదే రూపంలో భద్రపరచలేదు. కొత్తగా ఎంచుకునేవాళ్ళు దాని జోలికి పోవద్దని మా సలహా. లిబ్రెఆఫీస్ ప్రధాన కూర్పులు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ వస్తాయి.

ఇక డబ్బు కట్టే వైపు. మైక్రోసాఫ్ట్‌లో రెండు దారులున్నాయి: చందా, లేదా ఒక్కసారి కొని ఉంచుకునే కూర్పు. చందా ఆగితే ఫైళ్ళు మాయం కావు. కొంత గడువు తర్వాత చూడటానికి, అచ్చు వేయడానికి మాత్రమే వీలుండే స్థితికి ప్రోగ్రాం దిగిపోతుంది. కొత్త ఫైలు మొదలుపెట్టలేరు, పాతది సవరించలేరు. ఒక్కసారి కొన్న కూర్పు ఆగదు గానీ దానికి మద్దతు గడువు ఉంటుంది. ఆఫీస్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14తో ఆ గడువు ముగిసింది. ఆఫీస్ 2021కి 2026 అక్టోబరు 13. ఒక్కసారే కదా అని లెక్కేసే కమిటీలు ఈ తేదీని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం: ఫైలు రూపం. లిబ్రెఆఫీస్ సొంత రూపం ఓడీఎఫ్ 2005లో ఓయాసిస్ సంస్థ ప్రమాణం, 2006లో ఐఎస్ఓ 26300. మైక్రోసాఫ్ట్ రూపం ఓఓఎక్స్ఎంఎల్ (డాక్ఎక్స్ దీంట్లోదే) 2006లో ఎక్మా సంస్థ ప్రమాణం 376, 2008లో ఐఎస్ఓ 29500. రెండూ అంతర్జాతీయ ప్రమాణాలే కాబట్టి గొడవ లేదనుకుంటే పొరపాటు. రెండో ప్రమాణంలో స్ట్రిక్ట్, ట్రాన్సిషనల్ అని రెండు మెట్లున్నాయి. వర్డ్ మామూలుగా భద్రపరిచేది ట్రాన్సిషనల్. పాత వర్డ్ అలవాట్లన్నీ దాంట్లో మోసుకొస్తుంది. లిబ్రెఆఫీస్‌లో వర్డ్ లాంటి ప్రోగ్రాం రైటర్. అది డాక్ఎక్స్ ఫైలును తెరిచినప్పుడు దాన్ని తన సొంత నమూనాలోకి మార్చుకుంటుంది, సేవ్ కొట్టినప్పుడు మళ్ళీ డాక్ఎక్స్‌లోకి మారుస్తుంది. అంటే ప్రతి సేవ్ ఒక అనువాదం. వర్డ్ ఓడీటీ (రైటర్ సొంత ఓడీఎఫ్ రూపం) ఫైలును తెరిచినా అంతే.

అందుకే డిఫాల్ట్ రూపాన్ని డాక్ఎక్స్‌గా మార్చేసి "ఎవరికీ తేడా తెలియదు" అనుకునే పద్ధతి మాకు నచ్చదు. ఒకే ఫైలు వర్డ్‌కూ రైటర్‌కూ మధ్య పదిసార్లు తిరిగితే సెక్షన్ బ్రేకులు, నంబరింగ్, పట్టికల వెడల్పులు ఒక్కో ప్రయాణంలో కొంచెం కొంచెం చెదురుతాయి. చివరికి ఎవరి చేతిలో పాడైందో తేలదు. లోపల తయారయ్యేది ఓడీటీలోనే ఉంచండి, బయటికి పంపేది పీడీఎఫ్ చేయండి. అవతలివాళ్ళు కూడా దిద్దాల్సిన ఫైలైతే అది మొదటినుంచి చివరిదాకా ఒకే ప్రోగ్రాంలో ఉండాలి. ఆ కొద్ది ఫైళ్ళ కోసం వర్డ్ ఉన్న కంప్యూటర్లు కొన్ని ఉంచుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పేజీలు జరిగిపోతున్నాయన్న ఫిర్యాదు అన్నిటికన్నా ముందు వస్తుంది. దీనికి కారణం చాలాసార్లు ప్రోగ్రాం కాదు, ఫాంట్. 2007 నుంచి వర్డ్ డిఫాల్ట్ కాలిబ్రి. అది లేని కంప్యూటర్‌లో లిబ్రెఆఫీస్ కార్లిటో వాడుతుంది; కాంబ్రియాకు బదులు కలాడియా. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ లేకపోతే లిబరేషన్ సాన్స్, లిబరేషన్ సెరిఫ్. అక్షరాల ఆకారం వేరైనా వెడల్పులు ఒకటే కాబట్టి వరుసలు కదలవు. చిక్కు కొత్త ఫైళ్ళతో వచ్చింది: 2023 నుంచి మైక్రోసాఫ్ట్ డిఫాల్ట్‌ను ఆప్టోస్‌కు మార్చింది. ఆ ఫాంట్ ఆఫీస్‌తో వస్తుంది, విండోస్‌తో కాదు. అది లేనిచోట ఏదో ఒక ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, ఒక వరుస కిందికి జారుతుంది, సంతకం గడి ఒక్కటే కొత్త పేజీలో ఒంటరిగా నిలబడుతుంది. మందు సులువే. మీ మూస ఫైళ్ళన్నిటిలో ఫాంట్‌ను రెండువైపులా దొరికేదానికి మార్చండి, లేదా ఫైలులోనే ఫాంట్‌ను పొదగండి. రైటర్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ దగ్గర ఆ గడి ఉంటుంది. స్పేస్‌బార్ కొట్టి కొట్టి నిలువు వరసలు సర్దిన ఫైళ్ళను మాత్రం ఏ ఫాంటూ కాపాడలేదు. వాటిని పట్టికగా తిరగరాయాల్సిందే.

తెలుగులో పని చేసేవాళ్ళకు ఇంకో మడత ఉంది. రెండు ప్రోగ్రాములూ లాటిన్ లిపికి ఒక ఫాంట్, మన లిపి లాంటి సంక్లిష్ట లిపులకు వేరే ఫాంట్ గుర్తుపెట్టుకుంటాయి. మూస తయారుచేసినవాళ్ళు మొదటిదే మార్చి రెండోది వదిలేస్తే, ఇంగ్లీషు అంకెలు ఒక సైజులో, తెలుగు ఇంకో సైజులో వస్తాయి. లిబ్రెఆఫీస్ ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్ళి సంక్లిష్ట లిపి భాషగా తెలుగును ఎంచి, మూసలోని స్టైల్‌లో రెండు ఫాంట్లూ విడివిడిగా పెట్టాలి. 2017లో వచ్చిన 5.3 కూర్పు నుంచి లిబ్రెఆఫీస్ అన్ని సిస్టమ్‌ల మీదా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌తో అక్షరాలు కూరుస్తుంది కాబట్టి ఒత్తులు విడిపోయే పాత బాధ దాదాపు తీరినట్టే. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు లాంటి స్వేచ్ఛా ఫాంట్లు అన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్ళ సంగతి వేరు. అవి కంప్యూటర్ దృష్టిలో తెలుగు కానే కాదు, ఇంగ్లీషు సంకేతాల మీద తొడిగిన ముసుగు. సాఫ్ట్‌వేర్ మారినా మారకపోయినా వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు. ఆ ఖర్చును ఉచిత సాఫ్ట్‌వేర్ ఖాతాలో రాయకండి.

స్ప్రెడ్‌షీట్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. డబ్బు లెక్కలుండేవి అక్కడే.

కొలతల్లో తేడా లేదు. ఎక్సెల్‌లోనూ, లిబ్రెఆఫీస్ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం క్యాల్క్‌లోనూ షీటుకు 10,48,576 అడ్డు వరుసలు. నిలువు వరసలు క్యాల్క్‌లో 1,024 ఉండేవి, 2022లో వచ్చిన 7.4 కూర్పు నుంచి 16,384 అయ్యాయి, ఎక్సెల్‌తో సమానం. ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యూనిక్ లాంటి ఫంక్షన్లు క్యాల్క్‌కు 2024 ఆగస్టులో 24.8 కూర్పుతో వచ్చాయి. అంతకుముందు కూర్పు పెట్టుకుని "క్యాల్క్‌లో ఎక్స్‌లుకప్ పనిచేయదు" అని నివేదిక రాసేవాళ్ళున్నారు. ఎక్సెల్ 2019లో కూడా ఆ ఫంక్షన్ లేదన్నది వాళ్ళు గమనించరు. లేనిదేమిటంటే పవర్ క్వెరీ, పవర్ పివట్. బయటి డేటాబేసుల నుంచి డేటా లాక్కుని శుభ్రంచేసే షీట్లు మీ దగ్గరుంటే వాటికి క్యాల్క్ సరిసమానం కాదు. ఆ పని చేసేవాళ్ళ దగ్గర ఎక్సెల్ తీసేయకండి.

పోల్చి చూసేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ఎక్సెల్ ఫైలును క్యాల్క్‌లో తెరిచి, మొత్తాలు సరిపోయాయి అని సంతోషిస్తారు. మామూలు అమరికలో క్యాల్క్ ఆ ఫైలును తెరిచినప్పుడు సూత్రాలను మళ్ళీ లెక్కించదు. ఎక్సెల్ చివరిసారి రాసిపెట్టిన జవాబులనే చూపిస్తుంది. అంటే మీరు పోల్చింది ఎక్సెల్‌ను ఎక్సెల్‌తోనే! ఆప్షన్స్‌లో క్యాల్క్, ఫార్ములా దగ్గరికి వెళ్ళి, ఫైలు తెరిచినప్పుడల్లా తిరిగి లెక్కించాలని మార్చండి. లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 మూడూ కలిపి నొక్కండి. అప్పుడు పోల్చిన మొత్తాలే మొత్తాలు.

ఫైలు రూపం పట్టించుకోకపోతే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్ చూసింది. కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత ఎక్స్ఎల్ఎస్ రూపంలో చేర్చుతూ పోయారు. ఆ రూపంలో షీటుకు 65,536 వరుసలే. దాటిన వరుసలు రాలిపోయాయి, 15,841 కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. వాడింది డబ్బు కట్టిన సాఫ్ట్‌వేరే. తప్పు రూపం ఎంపికలో ఉంది. మీ షేర్డ్ ఫోల్డర్లలో ఎక్స్ఎల్ఎస్ ఫైళ్ళు ఎన్నున్నాయో ఒకసారి వెతికి చూడండి.

సీఎస్‌వీ ఫైళ్ళు (కామాల్లాంటి గుర్తులతో విడదీసిన సాదా పాఠ్యం) తెరవడంలో మాత్రం ఉచిత ప్రోగ్రామే మేలు. ఎక్సెల్ పాత కూర్పుల్లో సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ అడగకుండా తెరిచేస్తుంది. సున్నాతో మొదలయ్యే కోడ్‌లలో సున్నా ఎగిరిపోతుంది, 15 అంకెలు దాటిన ఖాతా నంబర్ల చివరి అంకెలు సున్నాలవుతాయి, ఎన్‌కోడింగ్ ఏదో మొదట్లోనే చెప్పే బీవోఎం గుర్తు లేని యూటీఎఫ్-8 (యూనికోడ్) ఫైలైతే తెలుగు అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. క్యాల్క్ ముందే ఒక కిటికీ తెరిచి అక్షరాల ఎన్‌కోడింగ్ ఏమిటి, విభజన గుర్తు ఏమిటి, ఏ నిలువు వరసను పాఠ్యంగా ఉంచాలి అని అడుగుతుంది. విసుగు పుట్టించే కిటికీయే. కానీ జన్యుశాస్త్రవేత్తల పాట్లు గుర్తుంచుకోండి: కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో 2020లో ఆ పేర్లనే మార్చుకున్నారు.

ఇక మాక్రోలు. మారే ప్రయత్నాలు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ మాక్రోలు రాసే భాష వీబీఏ. ఆ కోడ్‌ను లిబ్రెఆఫీస్ కొంతవరకు నడుపుతుంది. గళ్ళు చదివి, లెక్కించి, రాసే సాదా మాక్రోలు నడిచే అవకాశం ఎక్కువ. సొంత ఫారాలు, యాక్టివ్ఎక్స్ బటన్లు, అవుట్‌లుక్‌ను పిలిచి మెయిల్ పంపే కోడ్, విండోస్ లైబ్రరీలను తాకే కోడ్ ఉంటే నడుస్తాయని నమ్ముకోకండి. వాటిని లిబ్రెఆఫీస్ బేసిక్‌లోనో పైథాన్‌లోనో తిరగరాయాలి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌తో కట్టిన చిన్న డేటాబేసులు కూడా అంతే: పట్టికల్లోని డేటా బయటికి తీయవచ్చు, ఫారాలూ రిపోర్టులూ మాత్రం లిబ్రెఆఫీస్ బేస్‌లోకి రావు. అవుట్‌లుక్‌కు బదులుగా లిబ్రెఆఫీస్‌లో ఏమీ లేదు, మెయిల్‌కు వేరే ప్రోగ్రాం చూసుకోవాలి. ప్రెజెంటేషన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు మామూలు ఆకారాలవుతాయి, మార్ఫ్ మార్పిడి రాదు, మిగతాది నడుస్తుంది.

ఒకే ఫైలును నలుగురు ఒకేసారి దిద్దడం మీ రోజువారీ పనైతే, కంప్యూటర్లలో వేసుకునే లిబ్రెఆఫీస్ దానికి జవాబు కాదు. ఒకరు తెరిస్తే రెండోవారికి తాళం పడినట్టు చూపిస్తుంది. దానికి కొలాబొరా ఆన్‌లైన్, ఓన్లీఆఫీస్ లాంటివాటిని మీ సర్వర్ మీద పెట్టుకోవాలి. అప్పుడు సర్వర్, బ్యాకప్, దాన్ని చూసే మనిషి కావాలి. లైసెన్స్ ఖర్చు తప్పినా మనిషి ఖర్చు తప్పదు, ఈ మాట దాచి ప్రతిపాదన రాసేవాళ్ళు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మేలు చేయడం లేదు. ఇంకో సంగతి, లిబ్రెఆఫీస్ ఒక్కో శ్రేణికి ఉచితంగా సవరణలు వచ్చేది ఏడాది లోపే. ఆ గడువు లోపే కూర్పు మార్చుకునే ఏర్పాటు ఉండాలి, లేదా దీర్ఘకాల మద్దతును కొలాబొరా లాంటి సంస్థల దగ్గర కొనాలి.

జర్మనీలోని మ్యూనిక్ ఉదాహరణ మీ సమావేశంలో తప్పకుండా వినిపిస్తుంది. ఆ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కూ ఓపెన్ఆఫీస్‌కూ మారాలని నిర్ణయించి, దాదాపు 15,000 కంప్యూటర్లను మార్చి, 2013లో పని పూర్తయిందని ప్రకటించింది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్ళాలని తీర్మానించింది. ఒక పక్షం మొదటి సగమే చెబుతుంది, ఇంకో పక్షం రెండో సగమే. ఫ్రాన్స్‌లో పోలీసు పని చేసే సైనిక దళం జాండార్మరీ నడిచిన తీరు మాకు ఎక్కువ పనికొచ్చేదిగా అనిపిస్తుంది. వాళ్ళు 2005లో విండోస్ మీదే ఉంటూ ఆఫీసు ప్యాకేజీ ఒక్కటే మార్చారు, తర్వాత బ్రౌజర్, మెయిల్. ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి వెళ్ళింది 2008లోనే. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం కూడా 2024లో దాదాపు 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మార్చాలని నిర్ణయించింది. అన్నీ ఒకేసారి మార్చితే ప్రింటర్ ఆగినా ఫైలు చెదిరినా నింద ఒకేచోట పడుతుంది, కారణం దొరకదు.

మరి ఏం చేయాలి? మీ షేర్డ్ ఫోల్డర్లలో గత 12 నెలల్లో ఎవరైనా మార్చిన ఫైళ్ళ జాబితా తీయించండి. రూపాల వారీగా లెక్కపెట్టండి. ఫైలు పేరు చివర డాక్ఎమ్, ఎక్స్ఎల్ఎస్ఎమ్ అన్న తోకలుంటే మాక్రోలున్నట్టే. పాత డాక్, ఎక్స్ఎల్ఎస్ ఫైళ్ళలో మాక్రో ఉన్నా తోకను బట్టి తెలియదు, తెరిచి చూడాలి. కొత్త రూపాలన్నీ నిజానికి జిప్ కట్టలే. తోక మార్చి విప్పితే బయటి లింకులకు, డేటా కనెక్షన్లకు లోపల వేరే ఫోల్డర్లూ ఫైళ్ళూ కనిపిస్తాయి. ఈ వడపోతకు చిన్న స్క్రిప్ట్ చాలు. ఆ జాబితా నుంచి ఒక 100 ఫైళ్ళు ఏరండి: ఎక్కువమంది వాడేవి, బయటివాళ్ళతో మార్చుకునేవి, మాక్రోలున్నవి, మెయిల్ మర్జ్ మూసలు. అందమైన ఫైళ్ళు ఏరకండి, చిరాకు పెట్టేవే ఏరండి. ఒక్కోదాన్ని రెండు ప్రోగ్రాముల్లోనూ పీడీఎఫ్ చేసి పేజీల సంఖ్య పోల్చండి. షీట్లయితే పైన చెప్పినట్టు తిరిగి లెక్కించి మొత్తాలు పోల్చండి. ఆ ఫైలును రోజూ వాడే మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఏ గడి ముఖ్యమో వాళ్ళకే తెలుసు.

ఆ తర్వాత తీర్మానం సంస్థ మొత్తానికి ఒకటిగా కాకుండా, బల్లల వారీగా రాయండి. ఉత్తరాలు, నోట్లు, సాదా పట్టికలు చేసే బల్లలకు లిబ్రెఆఫీస్ చాలు. పవర్ క్వెరీ, పెద్ద వీబీఏ, యాక్సెస్ ఉన్న బల్లల దగ్గర పాతదే ఉంచండి. మళ్ళీ రాయడానికి గడువు పెట్టుకోండి, గడువుకు మనిషిని కూడా కేటాయించండి. ఏది కొన్నా ఒప్పందంలో రెండు వాక్యాలు చేర్పించండి: చందా ఆగిన రోజున ఫైళ్ళన్నీ ఏ రూపంలో, ఎన్నాళ్ళలోపు మా చేతికొస్తాయి; బయటికి ఇచ్చే ప్రతి మూసా ఓడీఎఫ్‌లో కూడా తెరుచుకుంటుందని ఎవరు పరీక్షించి సంతకం చేస్తారు.

మొదటి పరీక్షకు జీతాల లెక్కల ఫైలునే ఇవ్వండి. దాంట్లో మాక్రో ఉందా, ఉంటే ఎవరు రాశారు అని సమావేశంలో అడిగి చూడండి. జవాబు రాకపోతే, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న చర్చ ఆ రోజుకు వాయిదా వేసి, ఆ ఫైలును తెరిచి కూర్చోండి.

ఇట్లు,
ఆఫీసు కంప్యూటర్ల నిర్వహణలో, ఫైళ్ళ బదలాయింపు పనిలో ఉన్న సాంకేతిక సిబ్బంది